తిప్పలకు తిప్పలు తెచ్చిందెవరు?

2020 సెప్టెంబరులో ఓ అర్ధరాత్రి అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి రథం కాలిపోయింది. రాష్ట్రం అట్టుడికింది. ధర్నాలు జరిగాయి, నాయకులు బారులు తీరారు, ప్రభుత్వం సీబీఐ విచారణ కోరింది. ఆరు నెలలు తిరక్కుండానే కలప తెచ్చారు, వడ్రంగులను పెట్టారు, కొత్త రథం చేయించారు. 2021 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రే వచ్చి దానికి ప్రారంభోత్సవం చేశారు. తలుచుకుంటే మన ప్రభుత్వ యంత్రాంగం ఎంత చురుగ్గా కదలగలదో కోనసీమ కళ్లారా చూసింది.

అదే మాఘమాసంలో, అదే ఇసుకలో, ఏటా ఇంకో దృశ్యం కూడా కనబడుతుంది. దానికి ధర్నా లేదు, విచారణ లేదు. సాగరసంగమం దగ్గర, కరవాక దగ్గర, ఓడలరేవు, ఎస్.యానాం ఒడ్డున పొద్దున్నే నడిచేవాళ్లకు అది కొత్త కాదు. మెడ వాచి, కళ్లు ఉబ్బి, డిప్ప తిరగబడి పడివున్న ఆలివ్ రిడ్లే తాబేళ్లు. కుక్కలు పీకేదాకా, వాసన ఊరి మీదికి వచ్చేదాకా అలా పడి ఉంటాయి. ఆ తర్వాత ఎవరో ఇసుకలో గొయ్యి తీసి పూడుస్తారు. 2025 జనవరిలో కోనసీమ, కాకినాడ తీరాల్లో కళేబరాలు మరీ ఎక్కువగా కొట్టుకొచ్చాయి కాబట్టి నాలుగు రోజులు పత్రికల్లో ఫొటోలు వచ్చాయి. స్వామి భీష్మ ఏకాదశికి రథం మీద ఊరేగుతాడు, లక్షల మంది జనం వస్తారు. దశావతారాల్లో రెండోదైన కూర్మం అక్కడికి కూతవేటు దూరంలో కుళ్లుతుంటుంది.

ఈ చావులో అంతుచిక్కని రహస్యమేమీ లేదు. తాబేలు నీళ్లలో బతికినా పీల్చేది మన గాలే. కొద్దికొద్ది సేపటికి పైకి వచ్చి ఊపిరి తీసుకోవాలి. గుడ్లు పెట్టడానికి నదీముఖాల ముందుకు చేరే కాలంలోనే మర పడవలు అక్కడ ట్రాల్ వల లాగుతాయి. గంటల తరబడి అడుగున నడిచే వలలో పడ్డ తాబేలు ఊపిరాడక చస్తుంది. పైకి లాగాక నీళ్లలోకి విసిరేస్తారు, కెరటం ఒడ్డుకు చేరుస్తుంది. తీరానికి 8 కిలోమీటర్ల లోపలికి మర పడవలు రాకూడదు. ఆ నిబంధనకు ఆధారం 1994లో మన శాసనసభే చేసిన సముద్ర చేపలవేట నియంత్రణ చట్టం. వల గొంతులో ఇనుప చట్రం అమర్చి, తాబేలు తప్పించుకునేలా పైన తలుపు ఉంచే పరికరం ఉంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ దాన్ని మన వలలకు తగ్గట్టు తయారుచేసి ఇచ్చింది. ఆ తలుపులోంచి కొంత చేప కూడా పోతుందని బోటు యజమానుల సణుగుడు. ఆ సణుగుడు ముందు వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూలు చేతులు కట్టుకుని నిలబడింది. పులికి ఎంత రక్షణో ఈ తాబేలుకూ అంతే రక్షణ రాసిపెట్టిన షెడ్యూలు అది.

మరి వేట నిషేధం ఉందిగా అంటారు. ఉంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు. చేపలు గుడ్లు పెట్టే కాలమని పెట్టిన గడువు అది. తాబేళ్లు తీరానికి చేరేది అంతకు ఎన్నో నెలల ముందే. నిషేధం మొదలయ్యే సరికి చావాల్సినవి చచ్చి, పూడ్చాల్సినవి పూడ్చేసి ఉంటారు. పెళ్లయిపోయాక పందిరి వేసినట్టుంది వరస.

పక్కనున్న ఒడిశాను చూడండి. గహిర్‌మఠను 1997లోనే సముద్ర అభయారణ్యం చేసుకుంది. ధామ్రా, దేవి, రుషికుల్య నదీముఖాల దగ్గర తీరం నుంచి 20 కిలోమీటర్ల దాకా నవంబరు 1 నుంచి మే 31 వరకు వేట ఆపిస్తోంది. 2025 ఫిబ్రవరిలో ఒక్క రుషికుల్యలోనే దాదాపు 7 లక్షల తాబేళ్లు గుడ్లు పెట్టాయి. అక్కడికి వెళ్లేవాటిలో చాలా వాటికి దారి మన తీరం మీదుగానే. ఒడిశా కాపాడుకుంటున్న ప్రాణిని మనం దారికాచి చంపుతున్నామన్నమాట.

ఇందులో ఇంకో విడ్డూరం ఉంది. తాబేలు తలుపు లేని వలలతో పట్టిన రొయ్యలను కొనబోమని అమెరికా అన్నప్పుడు, మలేసియా, పాకిస్థాన్, థాయ్‌లాండ్‌లతో కలిసి భారతదేశం ప్రపంచ వాణిజ్య సంస్థ గడప ఎక్కింది. అమెరికా ఆ నిబంధనను అమలు చేసిన తీరులో వివక్ష ఉందని 1998లో తీర్పు వచ్చింది. గెలిచామని చంకలు గుద్దుకున్నాం. 2018లో అమెరికా అదే కారణం చూపి, సముద్రంలో పట్టిన మన రొయ్యలకు మళ్లీ తలుపులు మూసింది. ఇరవై ఏళ్లలో వలకు ఓ చట్రం బిగించలేకపోయాం గాని, వాదనకు వకీళ్లను మాత్రం పెట్టగలిగాం.

తాబేలు ఒక్కటే అయితే ఇంత రాయనక్కర్లేదు. ఒడ్డు దాటి లోపలికి రండి.

గోదావరి పాయ గౌతమికి అవతల గట్టున కోరింగ అభయారణ్యం ఉంది. 1978లో ప్రకటించారు, 235 చదరపు కిలోమీటర్లు. చెక్క వంతెన మీద నడుస్తూ సెల్ఫీలు తీసుకునే వాళ్లతో ఆదివారాలు కిటకిటలాడుతుంది. ఇవతల గట్టున, కోనసీమ వైపు, కందికుప్ప, బలుసుతిప్ప, మగసానితిప్పల్లో ఉన్నవీ అవే మడ అడవులు. అదే నల్లమడ, అదే తెల్లమడ, పాలు కంట్లో పడితే చూపు పోయే అదే తిల్ల. బురదలోంచి మేకుల్లా పైకి లేచి గాలి పీల్చే అవే వేళ్లు. కానీ ఇవి ఉత్త రిజర్వు అడవులు. అభయారణ్యం బోర్డు గౌతమి దాటి ఇటు రాలేదు. ఒంటి మీద చుక్కలతో, కురచ తోకతో, నీళ్లలో మునిగి చేపను పట్టే బావురుపిల్లికి ఏ గట్టు అభయమో ఏ గట్టు కాదో ఎవరు చెప్పాలి? ప్రపంచంలో చేపల మీద బతికే అడవిపిల్లులే అరుదు. 2018లో కెమెరాలు పెట్టి చూస్తే కోరింగలో వందకు పైగా ఉన్నాయని తేలింది. నీటికుక్కలు గుంపులుగా ఏటికి అడ్డంపడి ఈదే దృశ్యం పల్లం, బలుసుతిప్ప జాలర్లకు తెలుసు. ఓ నదీపాయ మధ్య గీత గీసి, ఒక ఒడ్డును అభయారణ్యమనీ రెండోదాన్ని మామూలు అడవి అనీ అన్నవాళ్లు పోటు పాటులను ఎప్పుడూ చూసి ఉండరు.

ఈ తిప్పలు జంతుప్రేమికుల ముచ్చట అనుకునేవాళ్లు తమ పళ్లెంలోకి చూసుకోవాలి. మండపీత పెరిగేది మడ వేళ్ల సందున. పండుగప్ప పిల్లలు దాక్కునేది అక్కడే. కార్తీకం చుట్టుపట్ల యానాం మార్కెట్లో సేరు లెక్కన కొలిచి అమ్మే చీరమేను ఏమనుకుంటున్నారు? రేపు పెద్దవి కావాల్సిన చేపల పసికూనలే అవి. పీతలవేటకు వెళ్లే అవ్వ దగ్గర ఓ గంట కూర్చుంటే మడ అడవి లెక్క మొత్తం చెబుతుంది. ఆ లెక్క మత్స్యశాఖ రికార్డుల్లో ఉండదు. అక్కడ ఉండేది చెరువుల విస్తీర్ణం, ఎగుమతి టన్నులు.

ఇక అసలు నేరానికి వద్దాం. దానికి తేదీలున్నాయి.

1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమను చావగొట్టింది. వెయ్యి మందికి పైగా చనిపోయారు. వేటకెళ్లి తిరిగిరాని వాళ్ల లెక్క ఈనాటికీ ఇళ్లలోనే ఉంది. భైరవపాలెం, బలుసుతిప్ప పేర్లు దేశమంతా వినబడ్డాయి. మడ అడవి ఒత్తుగా ఉన్న చోట కెరటం తాకిడి తగ్గుతుందన్న సంగతి ఊళ్లవాళ్లకు ముందే తెలుసు, ఆ రాత్రి మిగతావాళ్లకూ తెలిసింది. సరిగ్గా 35 రోజులకు, 1996 డిసెంబరు 11న, సుప్రీంకోర్టు ఎస్. జగన్నాథన్ కేసులో తీర్పు చెప్పింది. తమిళనాడుకు చెందిన ఆ గాంధేయవాది రొయ్యల చెరువుల మీద వేసిన కేసు అది. తీరప్రాంత నియంత్రణ మండలంలో రొయ్యల చెరువులు ఉండకూడదనీ, ఉన్నవాటిని 1997 మార్చి 31 లోపు తొలగించాలనీ జస్టిస్ కుల్‌దీప్ సింగ్ ధర్మాసనం ఆదేశించింది. చచ్చినవాళ్ల పెద్దకర్మలు అయ్యీ కాకుండానే వచ్చిన తీర్పు. ఆ రోజు ప్రభుత్వాలు దాన్ని చేతిలోకి తీసుకుని ఉంటే కోనసీమ పటం ఇవాళ మరోలా ఉండేది.

ఏం చేశారు? ముందు తీర్పుకు మోకాలడ్డారు. తర్వాత తీరిగ్గా 2005లో పార్లమెంటులో తీరప్రాంత ఆక్వా సాధికార సంస్థ చట్టం చేశారు. తీరప్రాంత ఆక్వాకు నియంత్రణ మండలం నిషేధాలు వర్తించవని అందులో రాసుకున్నారు. అదీ ఆనాటి నుంచి కాదు. 1991 ఫిబ్రవరి 19 నుంచే వర్తించనట్టు భావించాలట! అంటే సుప్రీంకోర్టు తీర్పుకు దాదాపు ఆరేళ్లు వెనక్కి నడిచి వెళ్లి, అప్పటికి నేరమే జరగలేదని తేల్చారు. దొంగతనం జరిగిన రోజుకు వెళ్లి ఆ ఇంటి తాళాన్ని చట్టంలోంచి కొట్టేయడం మరెక్కడైనా చూశామా? అదే చట్టంలో అనుమతి లేని చెరువుకు మూడేళ్ల జైలు దాకా శిక్ష ఉండేది. 2023లో సవరించి జైలు మాట ఎత్తేశారు, జరిమానా మిగిలింది. రొయ్యకు రేటున్న ఏడాది జరిమానా ఓ ఖర్చు పద్దు, అంతే. 2005కూ 2023కూ మధ్య ఈ పద్దెనిమిదేళ్లలో ఢిల్లీలోనూ ఇక్కడా ఏ పార్టీ ప్రభుత్వాలు మారలేదు గనక! అన్నీ మారాయి. ఈ ఒక్క విషయంలో మాత్రం అందరిదీ ఒకటే మాట.

చట్టంలో మిగిలిన అరకొర రక్షణ అయినా అమలైందా అంటే, చూసి రమ్మనండి. మడ అడవి వెయ్యి చదరపు మీటర్లు మించితే చుట్టూ 50 మీటర్లు వదలాలని 2011 నోటిఫికేషన్ చెప్పింది. ఉప్పలగుప్తం, అల్లవరం, కాట్రేనికోన మండలాల సముద్రపు అంచున తిరిగితే, మడ చెట్టు మొదటికీ చెరువు గట్టుకూ మధ్య మనిషి నడిచే దారి కూడా దొరకని చోట్లున్నాయి. పొయ్యిలోకి రెండు మడ కర్రలు నరుక్కున్న ఆడమనిషిని ఆపి అడిగే గార్డు, రాత్రికి రాత్రి పర్రలో దిగిన పొక్లెయిన్‌ను ఎందుకు చూడలేడు? సరుగుడు తోటల సంగతి సరేసరి. తుపాను గాలికి అడ్డమని ఇసుక తిన్నెల మీద కెరటం అంచుదాకా నాటుకుంటూ పోతే, తాబేలు గుడ్లు పెట్టాల్సిన ఇసుకే మిగలదని చెప్పినా వినేవాళ్లు లేరు. పచ్చగా కనబడేదంతా అడవేనని మన అధికారుల నమ్మకం.

ఆ పచ్చదనాన్ని ఉపగ్రహం నుంచి కొలిచి, రాష్ట్రంలో మడ అడవులు 421 చదరపు కిలోమీటర్లకు పెరిగాయని 2023 అటవీ నివేదిక చూపిస్తారు. మొగల దగ్గర, అంటే నదీముఖాల్లో, కొత్తగా పడ్డ బురద మీద మొలిచిన లేత మడ కూడా ఆ లెక్కలో ఉంటుంది. తుపానును ఆపగల పాత అడవి ఒకచోట పోయి, నిన్నటి మొక్క మరోచోట వస్తే మొత్తంలో తేడా కనిపించదు. పైగా బురద వచ్చే దారే ఎండిపోతోంది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన కాకాని నాగేశ్వరరావు బృందం లెక్కగట్టి చెప్పింది. 1970ల్లో గోదావరి ఏడాదికి సుమారు 15 కోట్ల టన్నుల ఒండ్రు తెచ్చేది. 2000 తర్వాత అది 6 కోట్ల టన్నులకు లోపే. మిగతాది పై ఆనకట్టల వెనక కూర్చుంది. కోనసీమ ఒండ్రుతో పుట్టిన నేల. తల్లి పాలు సగానికి లోపే అయినప్పుడు బిడ్డను ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి గదా, మనం ఆ బిడ్డ ఒంటిమీది గుడ్డ కూడా లాగేస్తున్నాం.

గుడ్డ పోయిన ఒళ్లు ఎలా ఉంటుందో 2025లో రాజోలు చూపించింది. శంకరగుప్తం డ్రెయిన్ వెంబడి కేశనపల్లి, చుట్టుపక్కల ఊళ్లలో వేల కొబ్బరి చెట్లు మొవ్వులు వాల్చాయి. పోటు మీదున్న సముద్రం డ్రెయిన్‌లోంచి ఎదురెక్కి, గట్లు దాటి తోటల్లో నిలిచింది. కొబ్బరి ఉప్పుకు కాస్త ఓర్చుకునే చెట్టే. వేళ్ల దగ్గర రోజుల తరబడి నిలబడే ఉప్పునీటికి మాత్రం ఓర్చుకోలేదు. నవంబరులో ఉపముఖ్యమంత్రి వచ్చి తోటలు చూశారు. ఆ సందర్భంలో వచ్చిన, కోనసీమకు పక్క రాష్ట్రం ‘దిష్టి’ తగిలిందన్న మాట మీద రెండు రాష్ట్రాల నాయకులు రోజుల తరబడి కొట్టుకున్నారు. ఉప్పు సంగతి ఆ గోలలో కలిసిపోయింది. దిష్టి ఎవరిదైనా కావచ్చు, డ్రెయిన్ మాత్రం మనదే.

ఈ హెచ్చరిక మొదటిసారి కూడా కాదు. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే ప్రకటించి దేశాన్ని ఆశ్చర్యపరిచినప్పుడు చెప్పిన కారణాల్లో పూడిపోయిన మురుగు కాలువలది ముందు వరుస. మోహన్ కందా కమిటీ వేశారు, నివేదిక తీసుకున్నారు. మధ్యలో పద్నాలుగేళ్లు. ఈ పద్నాలుగేళ్లలో డ్రెయిన్ గట్ల పక్కన చెరువులు వచ్చాయి, వాటి మురుగు అందులోకే వదిలారు, మొగ దగ్గర పోటును ఆపే మడ పలచబడింది. కొబ్బరి రైతు గోడు డ్రెయినేజీ శాఖకు, మడ అడవి ఫారెస్టుకు, చెరువు మత్స్యశాఖకు, పర్ర భూమి రెవెన్యూకు, నీటి రంగు కాలుష్య నియంత్రణ మండలికి. ఫైలు ఐదు బల్లలు తిరిగేలోగా అమావాస్య పోటు పది సార్లు వచ్చి పోతుంది.

భూమి అడుగున గ్యాసుదీ ఇదే కథ. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకుని 65 రోజులు మండింది. ఆ రెండు నెలలు కోనసీమలో సగానికి చీకటి పడలేదు. 2014 జూన్‌లో నగరం గ్రామంలో గెయిల్ పైపు పేలి 20 మందికి పైగా కాలిపోయారు. 2026 జనవరిలో ఇరుసుమండలో మళ్లీ మంట. ప్రతిసారీ కాలిన కొబ్బరి చెట్లు లెక్కిస్తారు, చెట్టుకింత అని ఇస్తారు. ఆ తోటల్లో గూళ్లు కట్టిన పిట్టల గురించి, కాలువలో తేలిన చేపల గురించి పరిహారం కాగితంలో గడే ఉండదు.

అంతా ప్రభుత్వం మీదికే తోసేసి మనం చేతులు కడుక్కుందామా? చెరువుకు లీజిచ్చింది ఎవరు? అమలాపురంలో అపార్టుమెంటు, హైదరాబాదులో పిల్లల చదువు, ఊళ్లో మాత్రం ‘సముద్రం పక్కన పర్ర, ఎందుకూ పనికిరాని నేల’ అని లీజు కాగితం. పక్క ఎకరం వరి రైతు చౌడు పట్టి ఏడిస్తే, అతన్ని కూడా లీజుకే ఒప్పించాం. 1994-95లో తెల్లమచ్చ తెగులు వచ్చి టైగర్ రొయ్య కుప్పకూలింది, బుద్ధి రాలేదు. 2009లో వెనామీకి తలుపులు తీశాక మళ్లీ ఎగబడ్డాం. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతం చేసేసరికి గుండె జారింది. ట్రంపు ఓ సంతకం పెడితే కాట్రేనికోనలో చెరువు ఎండగట్టారు, అంత గట్టిది ఈ వ్యాపారం. ఎండగట్టిన చెరువులో మర్నాడే వరి పండదు, మడ మొలవదు. చౌడు మిగులుతుంది.

మొలిపించే విద్య మాత్రం మన దగ్గరే ఉంది. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీశాఖ, తీరపు ఊళ్ల జనం కలిసి గోదావరి ముఖద్వారంలో తొంభైల చివర చేసి చూపించారు. చేప ముల్లు ఆకారంలో కాలువలు తవ్వి పోటు నీరు లోపలికి పోయి వచ్చేట్టు చేస్తే, పాడుబడ్డ ఉప్పు నేలలో మడ తిరిగి లేచింది. బుల్‌డోజర్ అక్కర్లేదు, పార పట్టే చేతులు చాలు. ఆ పని తెలిసిన మనుషులు ఇంకా ఆ ఊళ్లలో ఉన్నారు. ఎండగట్టిన చెరువుల్లో సముద్రం అంచువన్నీ సర్వే చేసి, ప్రభుత్వ భూమిలో ఉన్నవాటిని వెనక్కి తీసుకుని, గట్లు తెగ్గొట్టి ఈ కాలువలు తవ్వించడానికి కలెక్టరు సంతకం ఒకటి చాలు. 2022 ఏప్రిల్‌లో కోనసీమను జిల్లా చేశారు. అమలాపురంలోనే కలెక్టరేట్ ఉంది, కాకినాడ మీదికి నెట్టే వీలు ఇక లేదు.

కందికుప్ప నుంచి మగసానితిప్ప దాకా ఉన్న రిజర్వు అడవులను కోరింగతో కలిపి అభయారణ్యం చేయడం రాష్ట్ర ప్రభుత్వం చేతిలోని పని. అయితే అభయారణ్యం పేరుతో జాలరికి మాత్రం అడ్డుపడకూడదు. తరాలుగా పీతలు పట్టుకునేవాళ్ల హక్కు రాసిపెట్టి, కాపలాదారులుగా వాళ్లనే తీసుకోవాలి. పడవ మీద చేత్తో వల వేసే పల్లెకారును, పదుల గుర్రాల ఇంజన్‌తో మొగ ముందు ట్రాల్ లాగే షావుకారును ఒకే గాట కట్టకూడదు.

వేట నిషేధ కాలానికి ఇప్పుడు కుటుంబానికి 20 వేలు ఇస్తున్నారు. అంతర్వేది నుంచి భైరవపాలెం దాకా మొగల ముందు జనవరి నుంచి మార్చి వరకు ట్రాల్ ఆపడానికి, ఆ మూడు నెలలు కూలి పోయే బోటు కార్మికులకు అలాగే ఇవ్వలేరా? రథానికి దొరికిన డబ్బు దీనికి దొరకదా? హార్బరులో బోటు కదిలే ముందు వల విప్పించి చట్రం ఉందో లేదో చూడటానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు. ఇద్దరు ఉద్యోగులు పొద్దున్నే లేవాలి, అంతే.

కార్తీకం వెళ్లాక తాబేళ్లు మొగల ముందుకు చేరడం మొదలవుతుంది. ట్రాల్ ఆపే జీవో అప్పటికి రావాలి.